కోటింగ్ పోయిందనుకునే ముందు ఒక ఆదివారం పని

మేముండేది హైదరాబాద్ నిజాంపేటలో. సెల్లార్‌లో కార్లు కడగడానికి దొరికేవి బోరు నీళ్లే. నా కారేమో ముదురు నీలం. కొన్నప్పుడే సిరామిక్ కోటింగ్ వేయించాను, అంటే పెయింట్ మీద గట్టిపడి నీళ్లు నిలవనివ్వని సన్నటి పొర. రెండో ఏడాది ఎండాకాలంలో, మా అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే అన్న ఒక పొద్దున నన్ను ఆపి, "మేడం, ఇంతకుముందు నీళ్లు పోస్తే జర్రున జారిపోయేవి. ఇప్పుడు అంటుకునే ఉంటున్నయి" అన్నాడు.

ఒక షాపుకు తీసుకెళ్తే, బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, "కోటింగ్ మొత్తం పోయింది, పాలిష్ కొట్టి మళ్లీ వేయాలి, 18 వేలవుతుంది" అన్నారు. డబ్బు కంటే పాలిష్ అన్న మాటే నాకు టెన్షన్ పెట్టింది. రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. చాలా కార్లకు అది 40, 50 మైక్రాన్లకు మించదు, అంటే మామూలు తలవెంట్రుక కంటే సన్నం. ఎండ నుంచి రంగును కాచేది అదే. పాలిష్ కొట్టిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది, మళ్లీ పెరగదు. అందుకే, నిజంగా అవసరమైతే తప్ప పాలిష్ జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

ఇంటికొచ్చి బకెట్‌తో నీళ్లు పోసి చూశాను. బానెట్ మీదా, టాప్ మీదా నీళ్లు పలచగా పరుచుకున్నాయి. డోర్ల పై సగం మీద మాత్రం తామరాకు మీద బొట్టులా జారాయి. అసలు విషయం ఇక్కడే తెలిసిపోతుంది. నీళ్లు నిలిచి ఆరే చోట మాత్రమే జారుడు తగ్గిందంటే కోటింగ్ కింద ఉన్నట్టే, దాని మీద ఉప్పు పేరుకుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నీళ్లు ఆరిపోయాక అవి తెల్లటి వలయాలుగా మిగులుతాయి. దానికి తోడు మా వీధిలో రెండు బిల్డింగులు లేస్తున్నాయి, సిమెంటు దుమ్ముకు కొదవ లేదు.

దీన్ని వదిలించే పని పొద్దున 7 లోపు నీడలో మొదలుపెట్టాలి. బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా ఉండాలి. ముందు గుడ్డ పెట్టకుండా నీళ్లతోనే దుమ్మంతా కొట్టేయాలి. రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) కార్ షాంపూ, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. కారు కడిగే మెత్తటి గ్లవ్‌ను షాంపూలో ముంచి, ఒక భాగం రుద్ది, ఉత్త నీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచాలి. పై నుంచి కిందికి రావాలి. చక్రాలకు వేరే గుడ్డ. గిన్నెల సబ్బు, బట్టల సర్ఫు వాడొద్దు.

తర్వాత ఐరన్ రిమూవర్ స్ప్రే చేయాలి. బ్రేకుల నుంచి రాలే సన్నటి ఇనుప రజను పెయింట్‌లో గుచ్చుకుని ఉంటుంది, మందు తగలగానే అక్కడ ఊదారంగు చారలు కారతాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, గాలి ఆడే చోట చేయండి. అది ఆరిపోకముందే, మూడు నాలుగు నిమిషాల్లో కడిగేయాలి.

ఇక ఉప్పు మరకలు. తెల్ల వెనిగర్‌లో అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపి, మెత్తటి గుడ్డ తడిపి మరక మీద ఒకటి రెండు నిమిషాలు పరచాలి. రుద్దక్కర్లేదు. గుడ్డ తీసి వెంటనే నీళ్లతో కడగాలి. నా బానెట్ మీద వైపర్ల దగ్గరున్న పెద్ద వలయం రెండోసారికి కరిగిపోయింది. పక్కనున్న చిన్నవి మూడు మాత్రం పోలేదు. క్లియర్ కోట్‌ను తినేసిన మరక వెనిగర్‌కు లొంగదు, వాటిని అలాగే వదిలేశాను. చివరి జాడింపుకు బోరు నీళ్లు వాడితే మళ్లీ మొదటికొస్తాం. నేను ఏసీ పైపు కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లు వడగట్టి వాడుతున్నాను. గాలిలోని తేమే కాబట్టి అందులో ఉప్పు దాదాపు ఉండదు. ఆ తర్వాత నీటిచుక్క మిగలకుండా మందపాటి మైక్రోఫైబర్ టవల్ అద్దాలి.

ఆ రోజు మళ్లీ నీళ్లు పోస్తే బానెట్ మీద కూడా జారాయి. 18 వేలు మిగిలాయి. ఇప్పుడు మూడు నెలలకోసారి సిలికా టాపర్, అంటే కోటింగ్ జారుడును నిలబెట్టే స్ప్రే, కొట్టి తుడుస్తున్నాను, అంతే. కోటింగ్ లేనివాళ్లకు కార్నుబా వ్యాక్స్ (ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మైనం) సరిపోతుంది కానీ మన ఎండలకు నెల, రెండు నెలల కంటే నిలవదు.

ఇంత చేసినా డోర్ల మీద కూడా నీళ్లు పరుచుకుంటుంటే కోటింగ్ నిజంగా అయిపోయినట్టే. మళ్లీ కోటింగ్ వేసే పని వానాకాలం, మే నెల వదిలేసి డిసెంబరు, జనవరిలో పెట్టుకోండి. తేలికపాటి పాలిష్ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడవాలి. రెండడుగుల చదరం చొప్పున, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా కోటింగ్ రాయాలి. ఇంద్రధనుస్సు రంగులు తేలగానే ఒక గుడ్డతో తుడిచి, రెండో గుడ్డతో మెరుగు పెట్టాలి. టార్చి వేసి పక్క నుంచి చూడండి, తుడవకుండా మిగిలిన చోట నల్లటి చార కనిపిస్తుంది, అది గట్టిపడకముందే తీసేయాలి. 24 గంటలు నీళ్లు తగలకూడదు, వారం దాకా షాంపూ వద్దు. ఆ గుడ్డలు పారేయండి, వాటిలో ఇంకిన కోటింగ్ గాజులా గట్టిపడి పెయింట్‌ను గీస్తుంది.

పావురాల రెట్ట పడితే మాత్రం ఏ కోటింగూ ఆదుకోదు. ఎండలో ఒక్కరోజు ఉంటే మచ్చ దిగుతుంది. డ్యాష్‌బోర్డులో నీళ్ల సీసా, టిష్యూలు పెట్టుకోండి. తడి టిష్యూ పరిచి, నానాక ఎత్తేయాలి.

మా కార్లు తుడిచే అన్న దగ్గర ఒకే గుడ్డ ఉండేది, దాంతోనే రోజూ పది కార్లు తుడిచేవాడు. నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు కొనిచ్చి, "అన్నా, పొడి దుమ్ము మీద గుడ్డ వద్దు, వారానికి రెండుసార్లు నీళ్లు కొట్టాకే తుడువు" అని అడిగాను. జీతం తగ్గిస్తానేమోనని ముందు కంగారు పడ్డాడు. తగ్గించనన్నాక ఒప్పుకున్నాడు. ఆ గుడ్డలు మాత్రం నేనే ఉతుకుతాను, విడిగా, ఫ్యాబ్రిక్ కండిషనర్ లేకుండా.