ఒడ్డు గుల్లలు – మూడవ పాఠం: ఇసుక కక్కించడం, పులుసు పెట్టడం

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటు బాగా లాగినప్పుడు తడి ఇసుకలో గుల్లలు దాగిన చోటును పసిగట్టడం గత పాఠంలో నేర్చుకున్నాము. ఈ పాఠం బుట్ట నిండిన తరువాతి పనికి సంబంధించినదే అయినా, ఆ బుట్ట ఎక్కడ నిండిందన్నది ముందుగా తేల్చుకోవాలి. గుల్ల నీటిని వడగట్టి ఆహారం తీసుకుంటుంది కనుక, ఆ నీటిలోని మురికినీ విషాన్నీ కూడా తన ఒంట్లో పోగు చేసుకుంటుంది. మైపాడులోనైనా, కొత్తపట్నంలోనైనా సరే, మురుగు కాలువ గాని, రొయ్యల చెరువుల నీరు గాని వచ్చి కలిసే చోట ఏరకూడదు. రేవుల దగ్గర అసలే వద్దు. ఈశాన్య రుతుపవనాల వానలకు పెన్న మొగలో బురద నీరు దిగుతున్న రోజుల్లోనూ ఆగడం మేలు. సముద్రపు నీరు ఎర్రగానో పచ్చగానో రంగు మారితే ఆ పరిసరాల గుల్లలను ముట్టుకోవద్దు. అయితే, నీటి రంగు మారకపోయినా విషం ఉండవచ్చు. 1981లో తమిళనాడులో గుల్లలు తిని 85 మంది ఆసుపత్రి పాలయ్యారు, ముగ్గురు మరణించారు. సూక్ష్మమైన నాచు నుంచి వచ్చే ఆ విషం ఎంత మరిగించినా పోదు.

ఇంటికి తెచ్చిన వాటిని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని చూడాలి. నోరు తెరుచుకున్న గుల్లను మరొక గుల్లతో తట్టితే, బతికున్నదైతే చిప్పలు దగ్గరికి లాక్కుంటుంది. కదలనిదాన్ని, పగిలినదాన్ని పారేయాలి. మిగిలినవాటిని వెడల్పాటి బేసిన్‌లో బోర్లించిన జల్లెడ మీద ఒకే వరుసగా పరచి, అవి మునిగేంత వరకే శుభ్రమైన సముద్రపు నీరు పోయాలి. అది లేకపోతే లీటరుకు 35 గ్రాముల రాళ్ల ఉప్పు కలిపిన నీరు సరిపోతుంది. మంచినీళ్లలో వేస్తే గుల్లలు చచ్చిపోతాయి, ఇసుక లోపలే ఉండిపోతుంది. నీడలో కదపకుండా ఉంచితే కాసేపటికి చిప్పల సందులోంచి చిన్న గొట్టాలు రెండు బయటికి వస్తాయి. అప్పుడప్పుడు నీళ్లు చిమ్ముతాయి కూడా. కక్కిన ఇసుక జల్లెడ కిందికి దిగిపోతుంది కనుక గుల్ల దాన్ని మళ్లీ లోపలికి పీల్చుకోదు. మధ్యలో ఒకసారి నీరు మార్చి, నాలుగైదు గంటలు ఆగాలి. తొందరపడితే పంటికింద తగిలే ఇసుకను ఏ మసాలా దాచలేదు.

తరువాత గుల్లలను నీళ్లు పోయకుండా గిన్నెలో వేసి, మూతపెట్టి, పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు ఉంచితే నోళ్లు తెరుచుకుంటాయి. తెరుచుకోనివాటిని బలవంతంగా విప్పకుండా పారేయాలి. అడుగున ఊరిన నీటిని తేర్చి, పలుచని గుడ్డలో వడగట్టి దాచుకోవాలి. పులుసుకు అసలు రుచి దానిదే. నూనెలో మెంతులు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక కారం, ధనియాల పొడి, చింతపండు రసం, ఈ నీరు పోసి మరిగించాలి. మామిడికాయల కాలమైతే నెల్లూరు పద్ధతిలో నాలుగు ముక్కలు తప్పనిసరి. గరం మసాలా మాత్రం నా లెక్కలో అనవసరం. ఊరిన నీటిలోనే ఉప్పు ఉంటుంది కనుక రుచి చూశాకే ఉప్పు వేయాలి. నూనె పైకి తేలాక చిప్పల నుంచి వలిచిన కండ వేసి, రెండు నిమిషాలకు దించాలి. అంతకు మించితే రబ్బరులా సాగుతుంది. చేపల పులుసు మరునాటికి రుచెక్కుతుంది గాని, గుల్లల పులుసును ఆ పూటకే ముగించాలి.