ఆస్ట్రోలేబ్‌తో నది అవతలి గోపురం ఎత్తు, దూరం కొలవడం ఎలా?

నదికి అవతలి గట్టున ఉన్న గోపురం ఎత్తునూ, దాని దూరాన్నీ నది దాటకుండానే తేల్చడం మధ్యయుగపు ఆస్ట్రోలేబ్‌తో, అంటే సూర్యుడూ నక్షత్రాలూ ఎంత ఎత్తులో ఉన్నాయో చూసే గుండ్రటి లోహపు పలకతో, సాధ్యమే. వెనుక వైపు నీడ చతురస్రం (భుజాల మీద సమాన భాగాలు గీసిన చతురస్రం) చెక్కిన యంత్రం, కొలత తాడు, రెండు మేకులు, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు. నేల మట్టంగా ఉండాలి. లేకపోతే వేరే చోటు చూసుకోవాలి.

నీడ చతురస్రపు భుజాలకు సాధారణంగా 12 భాగాలుంటాయి. మన ఖగోళ సిద్ధాంత గ్రంథాల్లోని శంకువుకూ (నీడ కొలవడానికి నిలిపే కర్రకూ) 12 అంగుళాలే. పలక మధ్యబిందువు చుట్టూ తిరిగే పట్టీని చతురస్రపు మూలకు, అంటే 12 వద్దకు, అమర్చి, దాని రెండు రంధ్రాల గుండా గోపురం కొన కనిపించేదాకా జరిగి, అక్కడ మేకు పాతాలి. తర్వాత పట్టీని నిలువు భుజం మీది 6కు మార్చి, గోపురానికి ఎదురుగా అదే వరుసలో వెనక్కి నడిచి, కొన మళ్లీ కనిపించిన చోట రెండో మేకు పాతాలి. ముందు కోణం చదివి, ఆపైన పట్టికలు తిరగేసే పద్ధతిని నేను ఒప్పుకోను: అంత చిన్న పలక మీద గీతకూ గీతకూ మధ్య భాగాన్ని కంటితో అంచనా వేయడం కంటే కాళ్లను కదపడమే నమ్మదగినది.

పని చెడేదంతా యంత్రాన్ని వేలాడదీయడంలోనే. చాలామంది పలకను అరచేత్తో పట్టుకుని తుపాకీలా గురిపెడతారు. అలా పట్టుకుంటే క్షితిజ రేఖ ఎటు వాలిందో చెప్పే ఆధారమే ఉండదు. యంత్రం తన బరువుతో తాను నిలువుగా వేలాడినప్పుడే చతురస్రానికి అర్థం ఉంటుంది. ఉంగరాన్ని మాత్రమే పట్టుకోవాలి, అదీ తోడు మనిషి పట్టుకోవాలి. చూసేవారి ముక్కు గానీ వేలు గానీ పలకకు తగలకూడదు, ఊగడం పూర్తిగా ఆగకముందే చూడకూడదు, గాలి వీస్తుంటే ఆ పూటకు పని మానుకోవాలి. మేకును కాళ్ల దగ్గర కాదు, పలక మధ్యబిందువుకు సరిగ్గా కింద పాతాలి. ఇంత పట్టింపు ఎందుకంటే, కంటి మట్టానికి 30 మీటర్ల పైన ఉన్న కొనను చూస్తూ రెండో చోట ఒక్క డిగ్రీ తప్పితే, ఫలితం రెండున్నర మీటర్లకు పైగా తప్పుతుంది. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ అనే పండితుడు నందన కోట (నేటి పాకిస్తాన్‌లో ఉంది) దగ్గరి కొండ ఎత్తును ముందు తేల్చుకుని, శిఖరం నుంచి క్షితిజం ఎంత దిగువన కనిపిస్తుందో చూసి భూమి వ్యాసార్ధాన్ని లెక్కగట్టాడు. అటువంటి లెక్కలో ఎత్తు తప్పితే భూమి కొలత కూడా తప్పుతుంది.

పట్టీ 12 వద్ద ఉన్నప్పుడు గోపురం దూరం కంటి మట్టం నుంచి కొన ఎత్తుకు సమానం, 6 వద్ద దానికి రెట్టింపు; కాబట్టి మేకుల మధ్య దూరమే ఆ ఎత్తు. గోపురం మొదలు కూడా మనం నిలబడ్డ నేల మట్టంలోనే ఉంటే, దానికి నేల నుంచి కంటి ఎత్తు కలిపితే మొత్తం ఎత్తు వస్తుంది. మొదటి మేకు నుంచి గోపురం దూరం కూడా అంతే, కాబట్టి పటం గీసేవారికి వేరే లెక్క అక్కర్లేదు. 12 వద్ద నిలవాల్సిన చోటు నీళ్లలో పడితే 6, 4 వాడాలి: అప్పుడూ మేకుల మధ్య దూరమే ఎత్తు, 6 వద్ద మేకు నుంచి గోపురం దూరం దానికి రెట్టింపు. అయితే డిగ్రీ తప్పుకు వచ్చే తేడా కూడా దాదాపు రెట్టింపవుతుంది. పటంలో వేసే దూరానికి మాత్రం కంటి ఎత్తును కలపకూడదు.