పుట్టుమచ్చ చూపించాలా, వదిలేయాలా? వైజాగ్ వాళ్ళకి నాకు తెలిసినంత చెబుతా

మా అక్క కూతురికి పుట్టిన మూడో వారంలో ఎడమ కనురెప్ప మీద చిన్న ఎర్ర చుక్క కనిపించింది. దోమ కుట్టిందనుకున్నాం. ఆవగింజంత ఉన్నది పది రోజుల్లో శనగగింజంత అయ్యింది. గ్రహణం రోజు అక్క బయటికి వచ్చిందని మా పెద్దమ్మ గొడవ, పుట్టుమచ్చే కదా పెద్దయ్యాక పోతుందిలే అని పక్కింటావిడ ధైర్యం, ఈలోగా మేం తీసుకెళ్ళిన ఒక క్లినిక్‌లో "ఏడాది నిండాక రండి" అని చీటీ కూడా రాయకుండా పంపేశారు. రెండో నెల దాటేసరికి ఆ కన్ను సగం కూడా తెరుచుకోలేదు, అప్పుడు పరిగెత్తాం. ఆ మచ్చ ఏ రకమో ముందే తెలిసుంటే ఆ నాలుగు వారాలు పోయేవి కావు.

మనకి నల్ల చుక్కైనా, ఎర్ర మరకైనా, కమిలినట్టున్న నీలమైనా ఒకటే మాట, పుట్టుమచ్చ. వచ్చిన చిక్కంతా అక్కడే. కొన్నిటికి ఏమీ చేయక్కర్లేదు, కొన్నిటికి రోజులు లెక్కపెట్టుకోవాలి. కాబట్టి ముందు పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుని రంగేంటో, ఎత్తుగా ఉందో చదునుగా ఉందో, పుట్టినప్పుడే ఉందో తర్వాత వచ్చిందో చూడండి. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీసి, వారానికోసారి అలాగే ఇంకోటి తీయండి. డాక్టర్‌కి మీరు చెప్పే వంద మాటల కన్నా ఆ నాలుగు ఫోటోలు ఎక్కువ చెబుతాయి.

నుదుటి మధ్యన, రెప్పల మీద, మెడ వెనక లేత గులాబీ రంగులో చదునుగా ఉండి, బిడ్డ ఏడిస్తే ముదిరి, వేలితో నొక్కితే తెల్లబడే మచ్చలు చాలామంది పిల్లలకి ఉంటాయి. ముఖం మీదవి ఏడాది, రెండేళ్ళలో చాలావరకు పోతాయి. మెడ వెనకవి ఉండిపోవచ్చు, అయినా జుట్టు కిందకి పోయేదానికి గొడవెందుకు. నడుము కింద, పిరుదుల మీద నీలంగా, దెబ్బ తగిలినట్టు ఉండేవి మన పిల్లల్లో మామూలే, బడికెళ్ళే వయసుకి ఎక్కువగా మాయమవుతాయి. నీళ్ళు పోసే ఆవిడ గట్టిగా పట్టుకుందని ఆవిడ మీద పడకండి (మా ఇంట్లో పడ్డారు).

మా పాపకి వచ్చింది హెమాంజియోమా. రక్తనాళాలు గుంపుగా పెరిగి కట్టే గడ్డ, చూడటానికి స్ట్రాబెర్రీలా ఉంటుంది. పుట్టినప్పుడు కనపడకపోవచ్చు, లేదా పాలిపోయిన మచ్చలా ఉండొచ్చు, మొదటి వారాల్లో మొదలై మొదటి మూడు నెలల్లోనే చకచకా పెరుగుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, ఆడపిల్లల్లో ఎక్కువ. తర్వాత ఏళ్ళ తరబడి దానంతటదే తగ్గుతుందన్న మాట నిజమే, అందుకే అందరూ ఆగమంటారు. కానీ కంటి దగ్గర, ముక్కు, పెదవుల మీద, గడ్డం చుట్టూ, డైపర్ కట్టే చోట, నడుము మధ్యలో ఉంటే ఆగకూడదు. కంటికి అడ్డుపడితే చూపు ఎదగదు, గడ్డం చుట్టూ ఉంటే లోపల గొంతులో కూడా ఉండి ఊపిరికి అడ్డు రావచ్చు, ఒంటి మీద అయిదు, అంతకన్నా ఎక్కువ ఉంటే కాలేయానికి స్కాన్ చేయిస్తారు. ఇలాంటి వాటిని బిడ్డకి నెల వయసు వచ్చేసరికే నిపుణులకి చూపించాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లోనే చెప్పింది. మందు ప్రొప్రనలాల్. బీపీకి, గుండెకి వాడే పాత మందే, ఇంకో జబ్బుకి వాడుతుంటే ఈ గడ్డలు తగ్గడం గమనించామని ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు 2008లో ప్రకటించారు. చవకైనదే కానీ సొంతంగా పోసేది మాత్రం కాదు. గుండె వేగం చూసి, బరువుని బట్టి మోతాదు కట్టి ఇస్తారు, పాలు తాగించాకే వేయాలి, బిడ్డ పాలు తాగని రోజు వేస్తే షుగర్ పడిపోవచ్చు, ఆ రోజు డాక్టర్‌కి ఫోన్ చేసి ఆపాలి. గడ్డ చిట్లి రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి.

ఇంకో ఎర్ర మచ్చ ఉంది, పోర్ట్ వైన్ స్టెయిన్. ఇది పుట్టినప్పటి నుంచే చదునుగా ఉంటుంది, తగ్గదు, బిడ్డతో పాటే పెరుగుతుంది, పెద్దయ్యాక ముదిరి దళసరి అవుతుంది. ఎక్కువగా ముఖంలో ఒక పక్కనే ఉంటుంది. నుదురు, పై కనురెప్ప మీదకి పాకితే మాత్రం అందం సంగతి తర్వాత, ముందు కంటి డాక్టర్, నరాల డాక్టర్, ఎందుకంటే కొందరికి గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు), ఫిట్స్ కూడా వస్తాయి. దీనికి వాడేది పల్స్‌డ్ డై లేజర్, చిన్నప్పుడే మొదలుపెడితే మేలు, ఎన్నో సిట్టింగులు పడతాయి, చాలావరకు పలచబడుతుంది కానీ పూర్తిగా పోతుందని హామీ ఇచ్చేవాణ్ణి నమ్మకండి.

గోధుమ రంగు మచ్చలు ఒకటీ అరా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో అర సెంటీమీటర్ దాటినవి చిన్నపిల్లల్లో ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే చూపించండి, నరాలకి సంబంధించిన న్యూరోఫైబ్రోమటోసిస్ ఉందేమో చూస్తారు. పుట్టుకతో ఉన్న నల్లటి, వెంట్రుకల మచ్చ అరచేయంత ఉన్నా, ఇంకా పెద్దదైనా చర్మ డాక్టర్ దగ్గర ఫైల్ పెట్టించి ఏటా చూపించుకోవాలి. కంటి చుట్టూ బూడిద నీలం రంగు కమ్ముకుంటే అది నీవస్ ఆఫ్ ఓటా అయ్యుండొచ్చు, దానికి లేజర్ ఉంది, ముందు కంటి పరీక్ష. తెల్ల మచ్చ కనిపించగానే బొల్లి అని ఏడవకండి, పుట్టుకతో ఉండే తెల్ల మచ్చలు వేరే ఉన్నాయి. ఇక పెద్దవాళ్ళకి ఎప్పటినుంచో ఉన్న మచ్చ ఉన్నట్టుండి పెరిగినా, అంచు చెదిరినా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు వచ్చినా, రక్తం కారినా రేపు అనకండి.

ఇక డాక్టర్. వైజాగ్‌లో బోర్డు మీద "స్కిన్" అని రాసి ఉన్న ప్రతి చోటా చర్మ డాక్టర్ ఉండడు. పేరు తర్వాత ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీవీడీ, లేదా డెర్మటాలజీలో డీఎన్‌బీ ఉందా చూడండి. "కాస్మటాలజిస్ట్" అన్న మాట ఒక్కటే ఉంటే అది కొన్ని వారాల కోర్సు అయ్యుండొచ్చు, అడగడానికి మొహమాటం వద్దు. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, దాన్ని నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో కొడితే పేరు, అర్హత వస్తాయి. అయిదు నిమిషాల పని.

డబ్బు ఇబ్బందైతే, లేదా అసలు ఇదేంటో తేల్చుకోవాలంటే ముందు కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) వెళ్ళండి, నేనైతే అదే చెబుతా. ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధం, స్కిన్ విభాగం, పిల్లల విభాగం, కంటి పరీక్షకి పెదవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, అన్నీ ఒకే వ్యవస్థలో దొరుకుతాయి. శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి కూడా జనం వస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోవాలి, బిడ్డకి పాలు, మీకు నీళ్ళు, విసనకర్ర మీ వెంటే. లైన్ చూసి వెనక్కి రాకండి, అక్కడి డాక్టర్లు ఒక రోజులో చూసే చర్మాలు బయట క్లినిక్‌లో వారానికీ రావు. ప్రైవేట్ అయితే రామ్‌నగర్, మహారాణిపేట, ద్వారకానగర్ వైపు వెతకండి. కంటికి హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ ఉంది. నెలల బిడ్డైతే ముందు మీ పిల్లల డాక్టర్‌తోనే చర్మ డాక్టర్‌కి ఉత్తరం రాయించుకోండి, అపాయింట్‌మెంట్ త్వరగా దొరకడానికి అదొక దారి.

లేజర్ మాట వస్తే నాలుగు అడగండి: ఈ మచ్చకి పేరేంటి, ఏ లేజర్ వాడతారు, మన రంగు చర్మం మీద ఈ మచ్చకి ఎంతమందికి చేశారు, ముందు చిన్న చోట టెస్ట్ చేసి చూపిస్తారా. మన చర్మం లేజర్ తర్వాత నల్లబడే అవకాశం ఎక్కువ, అందుకే టెస్ట్ ముఖ్యం. మిషన్ పట్టుకునేది డాక్టరా, అక్కడ పనిచేసే అమ్మాయా అన్నది కూడా. "ఆరు సిట్టింగులకి ఇవాళే కట్టేస్తే డిస్కౌంట్" అంటే లేచి వచ్చేయండి. నల్ల మచ్చని డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దది చేసి చూపే భూతద్దం లాంటి పరికరం) చూడకుండా కాల్చేస్తానంటే అస్సలు ఒప్పుకోవద్దు, కాల్చాక బయాప్సీకి, అంటే ముక్క తీసి ల్యాబ్‌లో పరీక్షకి, పంపడానికి ఏమీ మిగలదు. చేయించుకున్నాక మన బీచ్ రోడ్డు ఎండలో కొన్ని వారాలు సన్‌స్క్రీన్, గొడుగు తప్పవు, వేసవి సెలవులని మే నెలలో పెట్టుకోవడం అందుకే మంచిది కాదు.

ఇంట్లో సున్నం, సోడా కలిపి పెట్టడం, నల్లజీడి గింజ తాకించడం, మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీమ్ తెచ్చి రాయడం, ఈ మూడూ మచ్చని తీయవు, కాలిన మచ్చనో పలచబడ్డ చర్మాన్నో ఇస్తాయి. సున్నిపిండి పెట్టి రుద్దితే పుట్టుమచ్చ పోయిన బిడ్డని నేనింతవరకు చూడలేదు.

పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నాలుగా రాయించిన పుట్టుమచ్చ తీయించుకుంటే ఏమవుతుందని కామెంట్లలో తప్పకుండా అడుగుతారు కదా. తీయించిన డాక్టర్ దగ్గర తేదీ, ఎక్కడిది, ఎందుకు తీశారో రాయించుకుని ఆ కాగితం, బయాప్సీ రిపోర్టు సర్టిఫికెట్ వెనకే పెట్టి దాచుకోండి.