పాత షెవర్లే సీ10 పికప్ ముందు భాగాన్ని కిందికి దించడం ఎలా?

టెక్సస్‌లో పాత బండ్ల ప్రదర్శన ఎక్కడ జరిగినా 1967 నుంచి 1972 వరకు తయారైన షెవర్లే సీ10 పికప్‌లు వరసగా నిలబడి ఉంటాయి. వాటిలో చాలావరకు కిందికి దించినవే. దూరం నుంచి చూస్తే అందంగానే ఉంటాయి. దగ్గరికెళ్లి ముందు చక్రం వెనక తొంగిచూస్తే మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంటుంది. స్ప్రింగుల చుట్టలు కోసేసి ఉంటాయి, లేదా గ్యాస్ మంటతో కాల్చి అణిచేసి ఉంటాయి. నా బండీ, స్నేహితుల బండ్లూ కలిపి ఈ పని చాలాసార్లు చేశాను. చేయాల్సిన పద్ధతి ఒక్కటే. స్ప్రింగు జోలికి వెళ్లకండి, స్పిండిల్ మార్చండి.

స్పిండిల్ అంటే ముందు చక్రం తిరిగే ఇరుసు ఉన్న ముక్క. పైన ఒక బాల్ జాయింటుకు (ఎటైనా తిరిగే గుండ్రటి అతుకు), కింద ఒక బాల్ జాయింటుకు బిగించి ఉంటుంది. డ్రాప్ స్పిండిల్‌లో ఆ ఇరుసు మామూలు చోటుకంటే రెండున్నర అంగుళాలు పైన ఉంటుంది. ఇరుసు ఎంత పైకి వెళ్తే బండి అంత కిందికి వస్తుంది. స్ప్రింగు పొడవు, కంట్రోల్ ఆర్మ్‌ల (స్పిండిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే పై, కింది చేతుల) కోణం, షాక్ అబ్జార్బర్ ఆడే దూరం ఏదీ మారదు. అందుకే దించిన తర్వాత కూడా బండి మునుపటిలాగే మెత్తగా నడుస్తుంది.

స్ప్రింగు కోస్తే ఏమవుతుందో చాలామందికి తెలియదు. చుట్టలు తగ్గితే స్ప్రింగు పొట్టిదవడంతో పాటు గట్టిదవుతుంది. పైగా బండి కిందికి దిగిన కొద్దీ ఆర్మ్ దాని కదలికను ఆపే రబ్బరు దిమ్మకు (బంప్ స్టాప్) దగ్గరవుతుంది. చిన్న గుంటలో పడినా దడేల్మని కొట్టుకుంటుంది. కాల్చడం ఇంకా దారుణం. ఉక్కుకు పట్టించిన పదును పోతుంది, ఆర్నెల్లకు ఎడమ పక్క ఒక ఎత్తులో, కుడి పక్క ఇంకో ఎత్తులో కూర్చుంటుంది. పొట్టి స్ప్రింగులు కొని వేసుకోవడం కోయడం కంటే నయమే. కానీ రోజూ నడిపే బండి ముందు భాగం రెండున్నర అంగుళాలకు మించి దిగకూడదు. ఆ దించడం స్పిండిల్‌తోనే జరగాలి.

కొనే ముందు మీ బండి ఏ సంవత్సరానిదో చూసుకోండి. 1971 నుంచి సీ10 ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ఐదు బోల్టుల చక్రాలు వచ్చాయి. 1970 వరకు డ్రమ్ బ్రేకులు, ఆరు బోల్టులు. పాత డ్రమ్ బండి అయితే స్పిండిల్‌తో పాటు డిస్క్ బ్రేకుల కిట్ కూడా కొనండి, మాస్టర్ సిలిండర్ (బ్రేకు నూనెను తోసే పంపు) మార్చండి. చక్రాలు కనీసం 15 అంగుళాలవి ఉండాలి. మీ బండి సంవత్సరానికీ, బాల్ జాయింట్లకూ ఆ స్పిండిల్ సరిపోతుందో లేదో అమ్మేవాళ్లను అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

సామాను పెద్దగా ఏమీ లేదు. మంచి ఫ్లోర్ జాకీ, రెండు స్టాండ్లు, బరువైన సుత్తి, పానాలు, టార్క్ రెంచ్ (ఎంత బిగించామో చూపే పానా), గట్టి గొలుసు, గ్రీజు, కొత్త కాటర్ పిన్నులు (నట్టు ఊడకుండా ఆపేవి), కొత్త గ్రీజు సీళ్లు. రెండు రోజుల ముందే నట్లన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.

పని మొదలుపెట్టే ముందు ఒక కొలత తీసుకోండి. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా రెండు పక్కలా కొలిచి రాసి పెట్టుకోండి. తర్వాత వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగం ఎత్తి, స్టాండ్లను ఫ్రేమ్ కింద పెట్టండి. ఆర్మ్ కింద వద్దు. చక్రం విప్పండి, కాలిపర్ (డిస్క్‌ను పట్టే బ్రేకు భాగం) విప్పి తీగతో పైన కట్టండి. బ్రేకు గొట్టానికి మాత్రం వేలాడదీయకండి, లోపల చిరిగితే బయటికి కనిపించదు. పాత బ్రేకుల దుమ్మును గాలితో ఊదకండి. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిపి తుడవండి. డిస్క్ తీసేయండి, టై రాడ్ (స్టీరింగుకు కలిపే కడ్డీ) చివర విడదీయండి. ఇంతవరకు గంట పని.

ఇక్కడ ఆగి, చేతులు తుడుచుకుని, మిగతాది చదవండి.

కింది ఆర్మ్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య స్ప్రింగు నొక్కుకుని ఉంది. బండి ముందు భాగం బరువు మోసే స్ప్రింగు అది. చక్రం తీసేసినా దాని బలం పోలేదు. ఇప్పుడు దాన్ని పట్టి ఉంచినవి రెండు బాల్ జాయింట్లే. మీరు విప్పబోయేది సరిగ్గా వాటినే. మనం స్ప్రింగు మార్చడం లేదు కదా, భయమెందుకు అనుకునేవాళ్లను చూశాను. స్పిండిల్ తీసిన క్షణం కింది ఆర్మ్‌ను ఆపేది మీరు పెట్టిన జాకీ తప్ప ఇంకేదీ ఉండదు.

ఒక స్నేహితుడి గ్యారేజీలో జాకీని ఆర్మ్ మధ్యలో, వంపు ఉన్నచోట పెట్టారు. నట్టు ఊడగానే జాకీ పక్కకు జారింది. స్ప్రింగు ఎగిరి ఎదురుగా ఉన్న గోడకు తగిలి అటు నుంచి ఇటు కనిపించేంత కన్నం పెట్టింది. అరనిమిషం ముందు అతను అక్కడే కూర్చుని ఉన్నాడు. అప్పటి నుంచి నేను లేకుండా ఈ మెట్టు మొదలుపెట్టవద్దని తెలిసినవాళ్లందరికీ చెబుతున్నాను.

ముందు గొలుసును స్ప్రింగు చుట్టల మధ్యగా పోనిచ్చి ఫ్రేమ్‌కు చుట్టి బోల్టుతో బిగించండి. కొంచెం వదులు ఉండాలి, ఎగిరితే మాత్రం అడుగు దూరం పోకుండా ఆపాలి. జాకీని కింది ఆర్మ్ చివర, బాల్ జాయింటుకు వీలైనంత దగ్గరగా, చదునుగా ఉన్నచోట పెట్టండి. తాకీ తాకనట్టు ఉంచండి.

రెండు బాల్ జాయింట్ల కాటర్ పిన్నులు తీసి, నట్లను మూడు నాలుగు చుట్లు మాత్రమే వదులు చేయండి. పూర్తిగా తీయవద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ తీయవద్దు. ఇప్పుడు బాల్ జాయింట్ కాడ దిగే చోట స్పిండిల్ పక్క భాగం మీద సుత్తితో గట్టిగా కొట్టండి. కాడ మీద కాదు, నట్టు మీద కాదు, పక్కన. నాలుగైదు దెబ్బలకు టపీమని శబ్దం వచ్చి అతుకు వదులుతుంది. నట్టు ఉంది కాబట్టి ఆర్మ్ పావు అంగుళం జారి ఆగిపోతుంది. నట్టు అప్పుడే తీసేస్తే ఆ పావు అంగుళం ఎంత దూరమయ్యేదో ఊహించుకోండి. రెండు పళ్ల చీలిక కడ్డీ (పికిల్ ఫోర్క్) దూర్చి కొడితే త్వరగా వస్తుందంటారు. రబ్బరు టోపీ చిరిగి, మంచి బాల్ జాయింట్ కూడా పాడవుతుంది. నేను వాడను, మీరూ వాడకండి.

రెండూ వదిలాక జాకీని నెమ్మదిగా ఎత్తండి. ఫ్రేమ్ స్టాండు మీద నుంచి లేవబోతున్నట్టు అనిపించగానే ఆపండి. లేవకూడదు. ఇంజను తీసేసిన బండి అయితే ముందు భాగం తేలిక కాబట్టి స్ప్రింగు అణగక ముందే బండే లేస్తుంది, అందుకే ఇంజను లోపల ఉండగానే ఈ పని చేయండి. హైడ్రాలిక్ జాకీ మెల్లగా దిగిపోతూ ఉంటుంది, మీకు తెలియదు. కాబట్టి ఆర్మ్ కింద ఇంకో స్టాండు లేదా గట్టి చెక్క దిమ్మ కూడా పెట్టండి. మధ్యలో భోజనానికి లేచి వెళ్లకండి.

ఇప్పుడు పై నట్టు తీసి, పై ఆర్మ్‌ను పైకెత్తి పక్కకు కట్టండి. తర్వాత కింది నట్టు తీసి స్పిండిల్‌ను ఎత్తి బయటికి తీయండి. ముఖం ఎప్పుడూ స్ప్రింగుకు ఎదురుగా పెట్టవద్దు, పక్క నుంచి చేయండి.

కొత్త స్పిండిల్‌లో ఎడమ, కుడి వేరు. పెట్టెలోంచి తీయగానే సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ముందు కింది కాడ మీద కూర్చోబెట్టి నట్టు ఎక్కించండి, తర్వాత పై ఆర్మ్ దించి ఎక్కించండి. నట్లు ఎంత బిగించాలో మీ సంవత్సరపు షెవర్లే మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ రెంచ్‌తోనే బిగించండి. పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టును ఇంకొంచెం బిగించి కుదర్చండి, వెనక్కి తిప్పకూడదు. పాత పిన్ను మళ్లీ వాడవద్దు. రెండు నట్లూ బిగిసి, పిన్నులు వంచాకే జాకీ దించండి.

బేరింగులకు గ్రీజు బాగా కూరి, కొత్త సీలు వేసి, మిగతాదంతా విప్పిన క్రమానికి తిరగేసి బిగించండి. రెండో పక్క కూడా అదే వరస. స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పి, టైరు గానీ బ్రేకు గొట్టం గానీ ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకోండి.

బండిని కిందికి దించి వీధి చివరిదాకా నడిపి వచ్చి మళ్లీ కొలవండి. రెండు పక్కలా మునుపటి కొలతకంటే రెండున్నర అంగుళాలు తగ్గి ఉంటే పని కుదిరినట్టే. మర్నాడే చక్రాల అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లండి. ముందు భాగం దిగింది కాబట్టి హెడ్‌లైట్లు రోడ్డును దగ్గరగా చూస్తుంటాయి, వాటినీ సరిచేయండి. ఈ బండ్ల వెనక భాగం మొదటి నుంచీ ఎత్తు, ఇప్పుడు ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. సమంగా రావాలంటే వెనక ముందుకంటే ఎక్కువే దించాలి, అది ఇంకో వారాంతపు పని. వంద మైళ్లు తిరిగాక మాత్రం చక్రాల నట్లు, బాల్ జాయింట్ల పిన్నులు ఒకసారి మళ్లీ చూడండి.