ఒక్క ర్యామ్ స్టిక్ తెచ్చిన తంటా
సొంతంగా కంప్యూటర్ కట్టుకుంటూ, గ్రాఫిక్స్ కార్డు తర్వాత చూసుకుందాం, ముందు ఉన్న డబ్బులతో కానిద్దాం అని రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకున్నాను, దాంట్లోనే గ్రాఫిక్స్ ఉంటుంది కదా. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపతను "ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్ వేసుకో తమ్ముడూ, ఇంకోటి తర్వాత కలుపుకోవచ్చు" అన్నాడు. ఇంటికొచ్చి వాలొరెంట్ గేమ్ పెడితే కాల్పులు మొదలవ్వగానే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. రెండు రోజులు డ్రైవర్లు మార్చి, విండోస్ మళ్లీ ఎక్కించి, ఒకటే టెన్షన్.

అసలు సంగతేంటంటే, ఈ చిప్‌లోని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది, స్టిక్ ఒక్కటే ఉంటే డేటా వెళ్లే దారి సగమే. దాన్ని వెనక్కిచ్చి 8 జీబీవి రెండు తెచ్చాను. నాలుగు ర్యామ్ స్లాట్ల మదర్‌బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి, చాలావాటిలో ఇదే వరస, అయినా మాన్యువల్ చూడండి. క్లిప్పు టక్‌మనేదాకా నొక్కాలి.

తర్వాత బయోస్‌లో, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల్లో చూస్తే 3200 స్పీడు ర్యామ్ 2400 దగ్గరే నడుస్తోంది! ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్ చేశాను, ఇప్పుడు ఆట సాఫీగా సాగుతోంది. మీరూ కొంటుంటే క్యాబినెట్ లైట్ల దగ్గర తగ్గించుకోండి కానీ పవర్ సప్లై దగ్గర కక్కుర్తి పడకండి, రేపు కార్డు వేసినా అదే మోయాలి.