గాలి పట్టడం లేదా, దిగిపోతోందా? బైకు టైరుకు ఎల్ వాల్వు వేయించే ముందు

సమస్య: బంకులో నాజిల్ వాల్వుకు పట్టడం లేదు

అనంతపురంలో ఏ పెట్రోలు బంకు దగ్గరైనా చూసే తంతే ఇది. పైపు పట్టుకున్న కుర్రాడు బ్రేకు డిస్కు పక్క నుంచి నాజిల్ దూర్చబోతాడు, ఉన్న గాలి కాస్తా బుస్సున పోతుంది. "పట్టడం లేదన్నా, పంచరు షాపుకు పో" అంటాడు.

తప్పు కుర్రాడిది కాదు. కంపెనీ వేసిన రబ్బరు వాల్వు నిటారుగా ఇరుసు వైపుకు నిలబడి ఉంటుంది. ఒక పక్క డిస్కు, వెనుక చక్రానికైతే ఇంకో పక్క చైన్ స్ప్రాకెట్. పొడవాటి నాజిల్‌కు చోటెక్కడిది? స్కూటర్ల చిన్న చక్రాలకు ఈ బాధ ఇంకా ఎక్కువ. పట్టించాలని వాల్వును పక్కకు వంచుతారు. రోజూ అలా వంచితే, పైన మన సీమ ఎండలు తోడైతే, వాల్వు రబ్బరు మొదలు దగ్గర పగుళ్లు వస్తాయి. మీ బండి వాల్వును వేలితో కొంచెం వంచి చూడండి. మొదట్లో సన్నని గీతలు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. హైవే మీద స్పీడులో అది తెగితే టైరు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది.

ట్యూబ్‌లెస్ టైరుకైతే పరిష్కారం, ఎల్ అక్షరంలా మూతి పక్కకు తిరిగి ఉండే ఎల్ వాల్వు. కొందరు వాల్వు చివర పొడుగు కోసం ఎక్స్‌టెన్షన్ ముక్క తగిలించుకుని అలాగే తిరుగుతారు. గాలి పట్టించుకునే వరకే అది ఉండాలి, ఆ వెంటనే తీసేయాలి. చక్రం వేగంగా తిరిగేటప్పుడు ఆ బరువు రబ్బరు వాల్వును లాగేస్తుంది.

కొనే ముందు అన్నిటికన్నా ముఖ్యం రిమ్ము రంధ్రం సైజు. బైకుల ఎల్ వాల్వులు ఎక్కువగా 8.3, 11.3 మిల్లీమీటర్లలో వస్తాయి, 10 కూడా ఉంది. "అన్నిటికీ ఒకటే" అనే షాపు మాట నమ్మొద్దు. పాత వాల్వు తీశాక రంధ్రం కొలిపించి అప్పుడే కొనండి. తేలికరకం పోతలోహం వద్దు, ఇత్తడిది లేదా మంచి అల్యూమినియంది తీసుకోండి.

ఈ పని పంచరు షాపులోనే చేయించాలి, ఎందుకంటే టైరు అంచును రిమ్ము నుంచి విడదీయాలి. మీరు పక్కనే ఉండి నాలుగు విషయాలు చూసుకోండి. చక్రాన్ని డిస్కు కిందికి వచ్చేలా పడుకోబెట్టనివ్వకండి, డిస్కు వంగుతుంది. టైరు మళ్లీ అదే చోటికి వచ్చేలా వాల్వుకు ఎదురుగా సుద్దతో గుర్తు పెట్టించండి. పాత వాల్వు కోసి తీశాక రంధ్రం అంచు తుడిచి వేలితో తడమండి, గరుకుంటే కొత్త రబ్బరు వాషరు కోసుకుపోతుంది. నట్టు బిగించేటప్పుడు వాషరు కొద్దిగా ఒత్తుకుంటే చాలు, బలమంతా పెడితే అది నలిగి చీలుతుంది.

వాల్వు మూతి డిస్కు లేని వైపుకు ఉండాలి. చక్రం బిగించాక చేత్తో నిదానంగా తిప్పి, కాలిపర్‌కు (డిస్కును పట్టే బ్రేకు భాగం) గానీ ఫోర్కుకు గానీ తగలడం లేదని చూసుకున్నాకే బండి కదిలించండి. లోహపు వాల్వు రబ్బరుదాని కంటే బరువు కాబట్టి, స్పీడులో హ్యాండిల్ వణికితే బ్యాలెన్సింగ్ చేయించండి.

సమస్య: ఎల్ వాల్వు వేయించినా పొద్దున్నకు గాలి దిగిపోతోంది

సబ్బు నీళ్లు పోసి చూడండి, డిస్కు మీద పడకుండా. బుడగలు వాల్వు మూతి నుంచి వస్తే లోపలి పిన్ను వదులైంది, లేదా దుమ్ము చేరింది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాళ్ల దారుల్లో తిరిగే బండ్లకు ఈ దుమ్ము మామూలే. పిన్ను తిప్పే చిన్న కీతో బిగించండి, ఆగకపోతే పిన్ను మార్చండి. మూత లేకుండా తిరగొద్దు. అల్యూమినియం వాల్వుకు ప్లాస్టిక్ మూతే మేలు, లోహపుది పట్టేసుకుంటే పిన్ను దాకా చేరలేం.

బుడగలు వాల్వు మొదట్లో వస్తే సైజు తేడా, లేదా వాషరు సరిగ్గా కూర్చోలేదు. వాల్వును వేళ్లతో పట్టుకుంటే తిరుగుతోందంటే నట్టు వదులు. గాలి మొత్తం తీసి, విప్పి, మళ్లీ కూర్చోబెట్టించాలి. పైపైన నట్టు బిగిస్తే నిలవదు. రెండు చోట్లా బుడగలు లేకపోతే వాల్వును వదిలేసి టైరులో తుమ్మముల్లు వెతకండి.

సమస్య: ట్యూబు టైరు, వాల్వు ఒరిగిపోయింది

ఇక్కడ ఎల్ వాల్వు మాటే లేదు. వాల్వు ట్యూబుకే అతికి ఉంటుంది, పోతే ట్యూబే మార్చాలి. గాలి తక్కువతో తిరిగితే టైరు రిమ్ము మీద జారి ట్యూబును తనతో లాగుతుంది, అందుకే వాల్వు ఒరుగుతుంది. అలాగే నడిపితే వాల్వు మొదలు దగ్గర ట్యూబు చిరుగుతుంది. ఒరిగిన ట్యూబును నేరుగా కూర్చోబెట్టించి, చైన్ కవరు దగ్గరి స్టిక్కరులో ఉన్నంత గాలి బండి చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. వాల్వు మీది నట్టును రిమ్ముకు బిగించకుండా మూత వైపుకు పైకి తిప్పి ఉంచండి. అప్పుడు ట్యూబు జరిగితే వాల్వు ఒరిగి ముందే కనిపిస్తుంది, బిగిస్తే చెప్పకుండా తెగుతుంది.