ఫోన్ ఎత్తకపోతే గాభరా, గట్టిగా అడిగితే మూగనోము: చిన్ననాటి మూలం, ఇప్పుడు చెయ్యాల్సింది

సమస్య: భర్త సూరత్ పవర్‌లూమ్‌లో, భార్య బరంపురంలో. రెండుసార్లు రింగై ఎత్తలేదంటే చాలు కాళ్ళూ చేతులూ ఆడవు, వరసపెట్టి మెసేజ్‌లు, తీరా ఎత్తాక ఏడుపో గొడవో. మన గంజాం వైపు ఎన్ని ఇళ్ళలో ఇదే బాధ!

ముందు ఒకటి చూసుకోండి, ఆయన నిజంగానే అబద్ధాలాడుతుంటే ఇది చిన్నప్పటి విషయం కాదు, ఆ సంగతి వేరేగా తేల్చుకోవాలి.

కారణం: పెద్దవాళ్ళు ఒకసారి దగ్గరికి తీసి ఇంకోసారి పట్టించుకోకపోతే, గట్టిగా ఏడిస్తేనే పలుకుతారని పిల్లకి అలవాటైపోద్ది. మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది పిల్లల్ని గమనించారు, అమ్మ గదిలోంచి కాసేపు వెళ్ళి తిరిగొస్తే కొందరు ఇట్టే ఊరుకున్నారు, కొందరు ఎత్తుకున్నా ఊరుకోలేదు, కొందరు అసలు అమ్మ వైపే చూడకుండా బొమ్మలతో ఆడుకున్నారు. పెద్దయ్యాక ప్రేమల్లోనూ ఇవే పోకడలు ఉంటాయని 1987లో హజాన్, షేవర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రాశారు. అలాగని ఇది తలరాతేం కాదు, మారుద్ది.

పరిష్కారం: ఒకటే మెసేజ్ పెట్టండి, "భయమేస్తోంది, బ్రేక్‌లో ఒకసారి చెయ్యండి" అని. తిట్టొద్దు, తిడితే అసలు విషయం ఆయనకి వినపడదు. ఆయనా "నైట్ షిఫ్ట్, పొద్దున్నే చేస్తా" అని ముందే చెప్పాలి, చెప్పాక చెయ్యాలి, కుదరకపోతే కుదరదని ఒక ముక్క పెట్టాలి. కారణం తెలిసినంత మాత్రాన గాభరా పోదండీ, చెప్పిన మాట నెలల తరబడి నిలబడుతుంటే మెల్లగా తగ్గుద్ది.

సమస్య: ఏదైనా అడిగితే మొహం తిప్పేసుకుని బయటికెళ్ళిపోతారు, "నాకేం లేదు" అంటారు.

కారణం: ఏడ్చినా ఎవరూ రాకపోతే పిల్లలు అడగడమే మానేస్తారు. పైన చెప్పినట్టు అమ్మ వైపు చూడకుండా బొమ్మలు పట్టుకుని కూర్చున్న పిల్లలకి పైకి ఏమీ కనపడకపోయినా లోపల గుండె వేగం పెరుగుతోందని తర్వాత కొలిచి చూశారు, అందుకే ఇలాంటి మనిషిని రాయి అనకండి. హాస్టల్లో పెరిగినా, అమ్మమ్మ దగ్గర పెరిగినా అందరూ ఇలా అవరు, పిలిస్తే పలికే మనిషి ఒక్కరున్నా చాలా తేడా.

పరిష్కారం: వెంటపడి అడక్కండి. ఆయన "ఇప్పుడు కాదు, అన్నం తిన్నాక మాట్లాడదాం" అనడం నేర్చుకోవాలి, తిన్నాక నిజంగా కూర్చోవాలి, పది నిమిషాలైనా సరే.

సమస్య: దగ్గరికి రావాలనీ ఉంటుంది, వస్తే భయమూ వేస్తుంది. చిన్నప్పుడు దెబ్బలు, వేధింపులు ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. దీన్ని ఇంట్లోనే సర్దుకుందామని చూడొద్దు, బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ (మానసిక వైద్యం) విభాగం ఉంది, వెళ్ళలేకపోతే 14416కి చెయ్యండి, అది మనసు బాధలకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ లైన్, డబ్బులేం అక్కర్లేదు.